మాలపిల్లకు ఊరి నిషేధం, రైతుబిడ్డకు సర్కారు నిషేధం: గూడవల్లి రామబ్రహ్మం జీవితం

మెట్టుగూడ రైల్వే క్వార్టర్ల పక్క సందులో ఒక చిన్న గది ఉంది. నెలకోసారి మేం కొందరం అక్కడ కలుస్తాం. ఒక పుస్తకమో, ఒక సినిమానో, చరిత్రలో ఒక మనిషినో తీసుకుని మాట్లాడుకుంటాం. ఈసారి పాత తెలుగు సినిమాల వంతు వచ్చింది. డిగ్రీ చదివే పిల్లలు కూర్చోగానే ఒక ప్రశ్న వేశారు. మాలపిల్ల సినిమాను ప్రభుత్వం ఎందుకు నిషేధించిందని. నిజం చెప్పాలంటే మాలో పెద్దవాళ్లకు కూడా అలాగే గుర్తు. 1938లో మాల అమ్మాయిని నాయికగా పెట్టి, పేరులోనే కులాన్ని పెట్టి తీసిన సినిమా కదా, నిషేధించకుండా ఎందుకుంటారు అనుకున్నాం.

వెతికి చూస్తే సంగతి వేరు. మాలపిల్ల అడ్డూ ఆపూ లేకుండా ఆడింది. నిషేధం పడింది అదే దర్శకుడు మరుసటి ఏడాది తీసిన రైతుబిడ్డ మీద. ఉన్నవ లక్ష్మీనారాయణ రాసిన మాలపల్లి నవలను మద్రాసు ప్రభుత్వం నిషేధించిన మాట నిజమే. పేర్లు దగ్గరగా ఉండడంతో నవల మీది నిషేధం మన జ్ఞాపకంలో సినిమాకు అంటుకుంది.

ఇది చిన్న పొరపాటులా కనిపిస్తుంది. కానీ ఇందులో మనం తెలుసుకోవాల్సిన విషయం ఒకటుంది. కులం మీద తీసిన సినిమాను సర్కారు వదిలేసింది, భూమి మీద, ఓటు మీద తీసిన సినిమాను పట్టుకుంది. ఎందుకు? దీనికి జవాబు కావాలంటే ఆ రెండు సినిమాలూ తీసిన గూడవల్లి రామబ్రహ్మం జీవితాన్ని మన వైపు నుంచి ఒకసారి చూడాలి.

కాలువ నీళ్లు, అచ్చు యంత్రం

రామబ్రహ్మం 1902లో కృష్ణా జిల్లా నందమూరులో ఒక కమ్మ రైతు కుటుంబంలో పుట్టారు. అప్పటికి బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కట్టి దాదాపు యాభై ఏళ్లు అయింది. కాలువ నీళ్లు పారిన చోట వరి పండింది, వరి పండిన చోట డబ్బు చేరింది. ఆ డబ్బు బడులకు, పత్రికలకు, నాటక సమాజాలకు, తర్వాత సినిమాలకు వెళ్లింది. ఆ వరి నాటిన, కోసిన చేతులు మాత్రం మాలపల్లెలవి, మాదిగ గూడేలవి. డెల్టా రైతు కులాలు చదువుకుని, బ్రాహ్మణ పెత్తనాన్ని ఎదిరించి, పత్రికలు పెడుతున్న కాలంలోనే ఆ పొలాల్లో పాలేరుతనం కూడా అలాగే సాగుతోంది. రామబ్రహ్మం ధైర్యమూ, ఆయన పరిమితీ రెండూ ఈ నేల మీదే పుట్టాయి.

ఆయనకు పదిహేనేళ్ల వయసులో, 1917 నవంబరులో, అదే జిల్లా బెజవాడలో ఒక చారిత్రక సభ జరిగింది. హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షత వహించారు. పంచములమని పిలిపించుకోం, మేం ఆది ఆంధ్రులం అని మనవాళ్లు అక్కడ ప్రకటించారు. ఆ సభ జరిగిన రోజుల్లో కనకదుర్గ గుడి తలుపులు మూసేశారు. గుడి ప్రవేశం గురించి తెలుగు సినిమా మాట్లాడడానికి ఇరవై ఏళ్ల ముందే మనవాళ్లు సొంత నోటితో మాట్లాడారు. మాలపిల్ల గురించి చెప్పుకునేటప్పుడు ఈ తేదీ మరిచిపోకూడదు.

రామబ్రహ్మం ముందు పత్రికా రచయిత. మద్రాసులో జస్టిస్ పార్టీ వైపు నిలిచిన సమదర్శిని పత్రికలో పనిచేశారు, తర్వాత ప్రజామిత్ర నడిపారు. బ్రాహ్మణేతర ఉద్యమం, హేతువాదం, రైతు ఉద్యమం, గాంధీ హరిజనోద్యమం అన్నీ ఒకేసారి కదులుతున్న రోజులవి. వాటన్నిటి గాలీ ఆయనకు తగిలింది. అచ్చు చదువుకున్నవాళ్ల దాకే వెళ్తుందని, బొమ్మ అందరి దాకా వెళ్తుందని ఆయన గ్రహించారు. చల్లపల్లి జమీందారు యార్లగడ్డ శివరామప్రసాద్ పెట్టుబడితో సారథి ఫిలిమ్స్ మొదలైంది. అప్పటిదాకా తెలుగు తెర నిండా పురాణాలే. సారథి మొదటి సినిమాకు ఆయన ఎంచుకున్న పేరు మాలపిల్ల.

చెరువు, గుడి, ప్రేమ

మాలపిల్ల 1938 సెప్టెంబరు 25న విడుదలైంది. కథ గుడిపాటి వెంకటచలానిది, మాటలు తాపీ ధర్మారావువి. కల్యాణపురం అనే ఊరు. మాలలకు గుడిలోకి దారి లేదు, చెరువు నీళ్లు ముట్టే హక్కు లేదు. గాంధేయవాది చౌదరయ్య వాళ్ల పక్షాన నిలుస్తాడు. ఊళ్లో ఆచారానికి కాపలాదారు సుందరరామశాస్త్రి. ఆయన కొడుకు నాగరాజు మాల అమ్మాయి శంపాలతను ప్రేమిస్తాడు. ఇద్దరూ ఆమె చెల్లెలితో కలిసి కలకత్తా వెళ్లిపోతారు. చివర్లో శాస్త్రి భార్య మంటల్లో చిక్కుకుంటే ఒక మాల యువకుడు కాపాడతాడు. శాస్త్రి మనసు మారుతుంది, గుడి తలుపులు తెరుచుకుంటాయి.

శంపాలతగా నటించిన కాంచనమాల పేరు ఇంటింటా వినిపించింది. శాస్త్రిగా వేసిన గోవిందరాజుల సుబ్బారావుకు అదే మొదటి సినిమా. సినిమా బాగా ఆడింది.

అగ్రహారాల్లో మాత్రం గొడవ లేచింది. చూడొద్దని ప్రచారం జరిగింది. రామబ్రహ్మం దానికి ఎదురు తిరిగిన తీరును సినిమా చరిత్రలు ఇప్పటికీ చెప్పుకుంటాయి. సనాతన బ్రాహ్మణులకు ఉచిత ప్రవేశం అని ఆయన కరపత్రాలు వేయించారట. చాటుగా చూసి, ఇంటికి వెళ్లి తలస్నానం చేసి లోపలికి అడుగుపెట్టినవాళ్ల కథలు కూడా ఉన్నాయి. మనం నవ్వుకోవచ్చు. కానీ తెరమీద మాలపిల్ల నీడను చూసినా మైల పడతామనుకున్నారంటే, బతికున్న మాలపిల్ల వీధిలో నడిచినప్పుడు ఏం జరిగేదో ఊహించడం కష్టం కాదు.

ఊరు చేసే ఈ నిషేధానికి జీవో అక్కర్లేదు, సెన్సారు కత్తెర అక్కర్లేదు. ఇంకో చోట ఇది ఎంత దూరం వెళ్లిందో చూడండి. మాలపిల్లకు కొన్నేళ్ల ముందు తిరువనంతపురంలో విగతకుమారన్ అనే మూగ సినిమా ఆడింది. అందులో నాయర్ స్త్రీగా నటించిన పి.కె. రోజీ పులయ కుటుంబంలో పుట్టిన అమ్మాయి. మా కులం స్త్రీ వేషం నువ్వు కడతావా అని పెద్దకులాలవాళ్లు దాడి చేశారు. ఆమె ఊరు వదిలి పారిపోయింది, మళ్లీ తెరమీద కనపడలేదు. మాల అమ్మాయి వేషం కట్టిన నటి తార అయింది. పెద్దకులపు వేషం కట్టిన దళిత నటి బతుకే చెరిగిపోయింది. ఏ ప్రభుత్వమూ దాని మీద ఒక్క ఉత్తర్వూ ఇవ్వలేదు. ఇవ్వాల్సిన అవసరం రాలేదు.

మరి సర్కారు మాలపిల్లను ఎందుకు వదిలేసింది? అందులో సర్కారుకు పోయేదేమీ లేదు కాబట్టి. 1936లో తిరువాన్కూరు మహారాజే గుడి తలుపులు తెరిచే ప్రకటన చేశాడు. మద్రాసులో కాంగ్రెసు మంత్రివర్గం ఉంది, హరిజనోద్యమం కాంగ్రెసు కార్యక్రమం. అయినా మాలపిల్ల విడుదలైన ఆ 1938లోనే మన నాయకుడు ఎం.సి. రాజా మద్రాసు శాసనసభలో ఆలయ ప్రవేశ బిల్లు పెడితే రాజాజీ ప్రభుత్వం దానికి అండగా నిలవలేదు. తెరమీద మనసు మారితే చప్పట్లు కొట్టారు. చట్టంగా హక్కు కావాలంటే వెనక్కి తగ్గారు.

జమీందారుకు ఎదురు పడిన ఓటు

రైతుబిడ్డ 1939 ఆగస్టు 27న విడుదలైంది. కథానాయకుడు నర్సిరెడ్డి చిన్న రైతు. వేసింది నాటకరంగంలో ఎంతో పేరున్న బళ్లారి రాఘవ. టంగుటూరి సూర్యకుమారి నటించింది. కొసరాజు రాఘవయ్య సినిమాలకు పాటలు రాయడం ఇక్కడే మొదలుపెట్టారు. ఎన్నికలు వస్తాయి. జమీందారు మనిషికి కాకుండా రైతుల మనిషికి ఓటు వేయాలని నర్సిరెడ్డి నిర్ణయించుకుంటాడు. అక్కడి నుంచి అతని బతుకు మీద జమీందారు మనుషులు, షావుకారు, ఊరి అధికారం ఒక్కటై పడతారు.

ఇది అప్పటి ప్రేక్షకులకు పాత కథ కాదు, కళ్లముందు జరిగిన సంగతి. 1937 ఎన్నికల్లో బొబ్బిలి రాజా తన సొంత బొబ్బిలిలోనే వి.వి. గిరి చేతిలో ఓడిపోయారు. ఆయన మామూలు జమీందారు కాదు, అంతకుముందు మద్రాసు ప్రభుత్వాన్ని నడిపిన జస్టిస్ పార్టీ నాయకుడు. టంగుటూరి ప్రకాశం అధ్యక్షుడిగా వేసిన కమిటీ, భూమి హక్కు రైతుదే, జమీందారు శిస్తు వసూలు చేసేవాడు మాత్రమే అని 1938లో తేల్చింది. ఎన్.జి. రంగా నాయకత్వంలో రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా యాత్ర చేశారు. రైతుబిడ్డ ఆ గొడవనంతా తెరమీదికి తెచ్చింది.

జమీందారులు ఊరుకోలేదు. బొబ్బిలి, వెంకటగిరి సంస్థానాల నుంచి లాయరు నోటీసులు వచ్చాయి. వెంకటగిరిలో సినిమా రీళ్లు తగలబెట్టారని చెప్తారు. బ్రిటిష్ అధికారులు కొన్ని ప్రాంతాల్లో ప్రదర్శన నిషేధించారు. అలా ఎలా చేయగలిగారంటే, 1918 సినిమాటోగ్రాఫ్ చట్టంలోనే దానికి దారి ఉంది. సెన్సారు బోర్డు సర్టిఫికెట్ ఇచ్చినా సరే, జిల్లా మేజిస్ట్రేటు తన జిల్లాలో ఆ సినిమాను ఆపేయవచ్చు. జిల్లా మేజిస్ట్రేటు అంటే కలెక్టరే. శిస్తు వసూలు చూసేదీ ఆయనే, సినిమా ఆపేదీ ఆయనే. ఒక జమీందారు చెవిలో వేస్తే చాలు.

కాలం కూడా కలిసి రాలేదు. విడుదలైన వారానికే, సెప్టెంబరు 3న, బ్రిటన్ యుద్ధం ప్రకటించింది. అక్టోబరు చివర్లో మద్రాసు మంత్రివర్గం రాజీనామా చేసింది, పాలన గవర్నరు చేతికి పోయింది. యుద్ధం పేరు మీద ఏ మాటనైనా నొక్కేయగల కాలం వచ్చింది. అదే ఏడాది వచ్చిన తమిళ సినిమా త్యాగభూమిని కూడా తర్వాత బ్రిటిష్ ప్రభుత్వం నిషేధించింది.

ప్రజలు ఎన్నుకోని ప్రభుత్వాలు ఎక్కడైనా మొదట భయపడేది ఇలాంటి సినిమాలకే. బ్రెజిల్‌లో 1964లో ఎడ్వర్డో కుటీన్యో ఒక హత్యకు గురైన రైతు నాయకుడి కథను సినిమాగా తీస్తున్నాడు. ఏప్రిల్‌లో సైన్యం అధికారం పట్టగానే షూటింగు ఆగిపోయింది. అతను మళ్లీ ఆ రైతుల దగ్గరికి వెళ్లి దాన్ని పూర్తి చేయడానికి ఇరవై ఏళ్లు పట్టింది. ఉత్తర్వు మీద సంతకం చేసేది కలెక్టరైనా, మిలిటరీ జనరలైనా తెరమీద వాళ్లు వెతికేది ఒక్కటే: భూమి ఎవరిదని ఎవరైనా అడుగుతున్నారా?

ఫ్రేములో లేనివాళ్లు

ఇక్కడ మేం ఆగి మాట్లాడుకోవాల్సి వచ్చింది. రైతుబిడ్డ నిషేధానికి గురైంది కాబట్టి అది మన సినిమా అయిపోతుందా?

నర్సిరెడ్డి ఓటు కోసం అన్ని కష్టాలు పడ్డాడు. ఆ ఓటు అతనికి ఉంది. 1935 చట్టం కింద ఓటు హక్కు ఆస్తితోనో, పన్నుతోనో, చదువుతోనో ముడిపడి ఉంది. అతని పొలంలో దిగే కూలీలో చాలామందికి ఓటే లేదు. జమీందారుకు, రైతుకు మధ్య భూమి ఎవరిదన్న తగాదా నడుస్తుంటే, ఆ భూమిని దున్నిన పాలేరు ఆ లెక్కలోనే లేడు. 1948లో మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. జమీందారీ పోయింది, రైతు పట్టాదారు అయ్యాడు. కూలీ కూలీగానే మిగిలాడు. రైతుబిడ్డ కోరిన న్యాయం నిజంగానే జరిగింది. ఆ న్యాయం మాలపల్లె దాకా రాలేదు.

ఇంకో విచిత్రం ఉంది. జమీందారులను ఎదిరించిన ఈ సినిమాకు వెనుక ఉన్న సంస్థ ఒక జమీందారుది. చల్లపల్లి రాజా డబ్బుతో రైతు తిరుగుబాటు కథ తెరకెక్కింది. తర్వాతి కాలంలో అదే చల్లపల్లి ఎస్టేటు భూముల కోసం పేదలు పోరాడాల్సి వచ్చింది. జస్టిస్ పార్టీ పత్రికలో పనిచేసిన రామబ్రహ్మం మీదికి జస్టిస్ పార్టీ నాయకుడే నోటీసు పంపాడు. ఆయన తన చుట్టూ ఉన్నవాళ్లతో తెగదెంపులకు సిద్ధపడ్డ మనిషి అని దీన్నిబట్టి తెలుస్తుంది. ఆ ధైర్యాన్ని తక్కువ చేయం. కానీ ఆయన నిలబడ్డ చోటు నుంచి కనపడని మనుషులు కొందరున్నారు.

మాలపిల్లలోనూ అంతే. మన కష్టం గురించి కథ ఉంది, మాట ఉంది, పాట ఉంది. వాటిని రాసిన పేర్లలో మన పల్లె పేరు లేదు. గుడి తలుపు తెరవాలంటే ముందు మనలో ఒకడు మంటల్లోకి దూకాలి, ఆ తర్వాత శాస్త్రి గారి మనసు కరగాలి. హక్కుగా కాదు, ప్రాణం పణంగా పెట్టి సంపాదించుకున్న దయగా ఆ తలుపు తెరుచుకుంటుంది. అప్పటికే కుసుమ ధర్మన్న రాజమండ్రిలో నల్లదొరతనం మాకొద్దని రాసి ఉన్నారు. 1941లో గుర్రం జాషువా గబ్బిలం వచ్చింది. మాట్లాడేవాళ్లు లేక కాదు. వాళ్ల చేతికి కెమెరా రాలేదు.

చెరువు సంగతి కూడా మరిచిపోలేం. కల్యాణపురం చెరువు తెరమీద మాలలకు దక్కింది. అది జరిగిన నలభై ఏడేళ్లకు, 1985 జులైలో, ప్రకాశం జిల్లా కారంచేడులో మాదిగలు తాగే నీళ్ల చెరువును మురికి చేయొద్దని అడిగినందుకు కమ్మ భూస్వాములు ఊరి మీద పడ్డారు. ఆరుగురు మాదిగలను చంపారు. తెలుగు దళిత మహాసభ ఉద్యమం ఆ రక్తంలోంచి లేచింది. సినిమాలో చౌదరయ్య మన పక్షాన నిలబడ్డాడు. కారంచేడులో మన పక్షాన మనమే నిలబడాల్సి వచ్చింది.

చివరి సినిమా

రైతుబిడ్డ తర్వాత రామబ్రహ్మం ఇల్లాలు, అపవాదు, పత్ని, పంతులమ్మ, మాయాలోకం తీశారు. యుద్ధకాలంలో ముడి ఫిలిం కొరత వచ్చి సినిమా నిడివి మీదే ప్రభుత్వం పరిమితి పెట్టింది. ఆడవాళ్ల కష్టాల మీద, ఇంటి గొడవల మీద కథలు వచ్చాయి. మాయాలోకం నాటికి జానపదం వచ్చేసింది. భూమి మీద మళ్లీ ఆయన సినిమా తీయలేదు. ఒక సినిమాను ఆపితే ఆగేది ఆ సినిమా ఒక్కటే కాదు. తర్వాత తీయగలిగిన సినిమాలు కూడా ఆగిపోతాయి. నిర్మాత జంకుతాడు, ప్రదర్శకుడు వెనక్కి తగ్గుతాడు, దర్శకుడు వేరే కథ వెతుక్కుంటాడు. నిషేధం చేసే అసలు పని ఇదే.

చివరికి ఆయన పల్నాటి యుద్ధం మొదలుపెట్టారు. ఆ కథలో బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి చాపకూడు పెడతాడు. మాల కన్నమదాసు అతని పక్కన నిలిచిన వీరుడు. మాలపిల్లతో మొదలుపెట్టిన మనిషి మళ్లీ అక్కడికే వస్తున్నాడా అనిపిస్తుంది. సినిమా పూర్తి కాకముందే, 1946 అక్టోబరు 1న, 44 ఏళ్లకే రామబ్రహ్మం చనిపోయారు. ఎల్.వి. ప్రసాద్ దాన్ని పూర్తి చేశారు, 1947లో విడుదలైంది.

సారథి పేరు మాత్రం మన నగరంలో ఇంకా బతికే ఉంది. మెట్టుగూడలో మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగితే కొద్ది దూరంలోనే సారథి స్టూడియో. చల్లపల్లి రాజా తర్వాత హైదరాబాదులో కట్టించిన స్టూడియో అది. ఆ పేరు మాలపిల్లతో మొదలైందని ఎక్కిదిగే వాళ్లలో ఎంతమందికి తెలుసో.

ఆ సాయంత్రం చివర్లో వాదన జరిగింది. రామబ్రహ్మాన్ని మనవాడనాలా, వద్దా? కొందరు ఆయన చేసింది చాలా పెద్ద పని అన్నారు. కొందరు మన బతుకు మీద ఇంకొకరు కట్టిన ఇల్లు అన్నారు. రెండూ నిజమేనని మాకు అనిపించింది. 1938లో పోస్టరు మీద మాల అన్న మాట పెద్ద అక్షరాలతో వేయించడం చిన్న సంగతి కాదు. 2025లో జోతిబా ఫూలే మీద తీసిన సినిమాలో కులాల పేర్లు తీసేయమని సెన్సారు బోర్డు అడిగింది, విడుదలే వెనక్కి జరిగింది. దాదాపు తొంభై ఏళ్ల తర్వాత కూడా ఆ మాట తెరమీద వినపడడానికి భయపడుతున్నారంటే, అప్పుడు ఆ పేరు పెట్టిన మనిషిని గౌరవించాల్సిందే. గౌరవిస్తూనే, ఆయన ఫ్రేములో చోటు దొరకని పాలేరు గురించి అడగాల్సిందే.

పిల్లల ప్రశ్నకు మేం చివరికి ఇచ్చిన జవాబు ఇది. మన సినిమాలకు రెండు తాళాలున్నాయి. ఒకటి ఊరు వేస్తుంది, ఒకటి సర్కారు వేస్తుంది. గుడి గురించి మాట్లాడితే మొదటి తాళం పడుతుంది, భూమి గురించి మాట్లాడితే రెండోది పడుతుంది. ఈ రెండిటి గురించీ కలిపి, మన నోటితో, మన కెమెరాతో మాట్లాడే సినిమాకు రెండు తాళాలూ ఒకేసారి పడతాయి. ఇప్పుడు సినిమా తీయాలనుకుంటున్న మన పిల్లలు ఈ లెక్క తెలుసుకుని దిగాలి.

వచ్చే నెల కుసుమ ధర్మన్నను తీసుకుంటున్నాం.